ప్రేమావతి మైలేజీ పందెం

శంషాబాద్ బస్టాండు వెనక సందులో ఆడవాళ్ల బట్టలు కుట్టే ప్రేమావతి నలభై అయిదో ఏట కారు నడపడం నేర్చుకుంది. నేర్చుకున్న మొదటి రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుందే గాని, నవ్వు ఆగక ముద్ద దిగలేదు.

"కారు నేను జెప్పినట్టు ఇంటున్నది సిల్వియా! కుడికంటె కుడికి, ఎడమకంటె ఎడమకు! మీ డాడీ ఇన్నేండ్లల్ల ఎన్నడన్న గిట్ల ఇన్నడా?"

కూతురు సిల్వియా డిగ్రీ చదువుతోంది. ఆ మాటకు అదీ పడీ పడీ నవ్వింది. డాడీ జయశీలన్ మాత్రం పప్పు గిన్నె దగ్గరికి జరుపుకొని, ఏమీ విననట్టే తిన్నాడు.

జయశీలన్ ఎయిర్‌పోర్టు కార్గోలో సూపర్‌వైజరు. మంచివాడు, చర్చిలో పాట బాగా పాడతాడు. సెకండ్ హ్యాండులో కొన్న తెల్ల సెడాన్ అంటే అతనికి ప్రాణం. కానీ స్టీరింగు ముందు కూర్చున్నాడంటే విమానం తప్పిపోతోందన్నట్టే ఉండేవాడు. ఆరాంఘర్ చౌరస్తాలో ఎర్ర లైటు దూరం నుంచే కనిపిస్తుంటుంది. అయినా అక్కడిదాకా ఉరికించి, లైటు ముందు ధభీమని బ్రేకు వేసేవాడు. వెనక సీట్లో ప్రేమావతి, సిల్వియా ఇద్దరూ ఒకేసారి ముందుకు ఊగి, ఒకేసారి వెనక్కి పడేవారు.

2012 ఎండాకాలంలో పెట్రోలు ధర ఒక్కసారిగా ఎగిరింది. ఆ సాయంత్రమే జయశీలన్ కారు మీద కవరు కప్పేశాడు.

"ఇగ చర్చికి బస్సుల్నే పోదం. ఇది పెట్రోలు తాగుతలేదు, స్నానం జేస్తున్నది."

"అది తాగుతలేదు, నీ కాలే తాపిస్తున్నది," అంది ప్రేమావతి.

"లీటరుకు పది ఇస్తున్నది. నా కాలేం జేస్తది?"

ప్రేమావతికి కారు లేకుండా గడవదని కాదు. కానీ అది చేతికొచ్చాక ఆమెకు రెక్కలొచ్చినట్టయింది. గుండీలు, లైనింగు గుడ్డలు తేవడానికి అత్తాపూర్ దాకా ఒక్కతే వెళ్లేది. ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాల పక్కన పోతూ పోతూ పెద్దగా పాడుకునేది. కవరు కింద మూగగా నిలబడ్డ కారు చుట్టూ ఆమె రెండుసార్లు తిరిగింది.

"తాళం నాకియ్యి," అంది. "పదిహేను తెప్పిస్త. తేకుంటె నేనే కవరు గప్పుత."

జయశీలన్ తాళం చెవి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు నవ్వాడు కూడా.

మొదట డిక్కీ తెరిచింది. చర్చి మడత కుర్చీలు, ఎవరిదో డ్రమ్ము, ఎప్పటివో పాత పత్రికలు. అన్నింటి కింద తన పాత కుట్టుమిషను ఇనుప స్టాండు కనిపించింది. బాగు చేయిద్దామని ఎక్కించి మరిచిపోయింది.

"డాడీ మీద కేసు పెడ్దమనుకున్నం మమ్మీ, నీ మిషనే దొరికింది!" అని సిల్వియా మెట్ల మీద కూలబడి నవ్వింది.

స్టాండు దింపించి, టైర్ల పని పట్టింది. పంక్చర్ దుకాణం మల్లేశ్వర్ గాలి చూసి బుగ్గలు నొక్కుకున్నాడు. "గిదేంది అక్కా, నాలుగు మెత్తలేసుకొని తిరుగుతున్నరా?" మెకానిక్ దగ్గర ఎయిర్ ఫిల్టర్ విప్పించి దులిపిస్తే రింగు రోడ్డు దుమ్మంతా అందులోనే ఉన్నట్టుగా రాలింది. అదీ మార్పించింది. ట్యాంకు నిండా పోయించి, తిరిగి, మళ్లీ నిండా పోయించి లెక్క చూస్తే పన్నెండు దాటింది. పదిహేను మాత్రం రాలేదు.

అది పాయసం రోజున వచ్చింది.

అత్తాపూర్‌లో వాళ్లు వెళ్లే చర్చి వార్షికోత్సవానికి ప్రేమావతి పెద్ద గిన్నె నిండా సేమ్యా పాయసం వండింది. గిన్నెకు మూత సరిపడలేదు. జయశీలన్ డ్యూటీలో ఉన్నాడు. సిల్వియా కొత్త డ్రెస్సు వేసుకొని, గిన్నెను ముందు సీట్లో మోకాళ్ల మధ్య ఇరికించుకొని కూర్చుంది.

"మమ్మీ, నీకు దండం బెడ్త, బ్రేకెయ్యకు!"

బ్రేకు వేయకూడదంటే ఏం చేయాలి? ముందు కారును కాదు, దాని ముందు ఆటోను, దాని ముందు బస్సును చూడాలి. ప్రేమావతి అలాగే చూసింది. దూరంగా ఎర్ర లైటు కనిపించగానే కాలు తీసేసింది. కారు తన ఊపు మీద తాను మెల్లగా జారుతూ పోయింది. అక్కడికి చేరేసరికి లైటు పచ్చబడింది. మళ్లీ కాలు వేసేటప్పుడు జారుడు పట్టు బట్ట మీద కుట్టు మొదలుపెట్టేటప్పుడు మిషను మీద ఎంత మెల్లగా వేస్తుందో అంత మెల్లగా వేసింది. ఇంజను రొద పెట్టకముందే గేరు మార్చింది. అత్తాపూర్ చేరేసరికి గిన్నెలోంచి ఒక్క సేమ్యా పోగు కూడా కింద పడలేదు.

ఇక ఆ తర్వాత ఎక్కడికి పోయినా పక్కన పాయసం ఉందనుకొనే నడిపింది. తర్వాత ట్యాంకు నింపించినప్పుడు పదహారు వచ్చింది. జయశీలన్ ఫోనులో లెక్క వేసి, చెరిపి, మళ్లీ వేసి, ఫోను చెడిపోయిందేమోనని కూతురి ఫోను అడిగాడు. అందులోనూ పదహారే.

"ప్రేమా," అన్నాడు చివరికి, "నాకు గూడ నేర్పియ్యి."

ఆ మాటకు ప్రేమావతి లేచి అతని బుగ్గ గిల్లింది. సిల్వియా కళ్లు మూసుకుంది.

మైలేజీ పందెం కబురు తెచ్చింది సత్తెమ్మ. పక్క ఊళ్లో వ్యవసాయం చేసే కుర్మయ్య భార్య ఆమె. జాకెట్లన్నీ ప్రేమావతి దగ్గరే కుట్టించుకుంటుంది. కుర్మయ్య దగ్గర కూడా అలాంటి తెల్ల సెడానే ఉంది. గాంధీ జయంతి నాడు అత్తాపూర్‌లో ఒక కార్ల షోరూమ్ వాళ్లు పందెం పెట్టారట. ట్యాంకు నింపి మూతకు సీలు వేస్తారు. శంషాబాద్ మీదుగా రింగు రోడ్డెక్కి తుక్కుగూడ దాకా పోయి తిరిగి రావాలి. తక్కువ తాగిన బండిదే గెలుపు. కారులో ఇంటివాళ్లు ఉండి తీరాలి.

"మా ఆయనకు ఉషారెక్కింది ప్రేమక్కా. దిగుడుల ఇంజను బంద్ జేస్తడంట!"

"వద్దని చెప్పు సత్తెమ్మా! ఇంజన్ బందైతె స్టీరింగు బిర్రుగైతది, బ్రేకు రాయి లెక్కైతది. డ్రైవింగ్ స్కూలుల మాకు మొదలు చెప్పిందే గది."

"నేను చెప్తె ఇంటడా?" అని సత్తెమ్మ చేతులు తిప్పింది.

పందెం రోజు జయశీలన్ ఆదివారపు సూటు వేసుకొచ్చాడు. గెలిస్తే ఫోటో తీస్తారని అతని ఆశ. బరువు తగ్గాలని పొద్దున ఇడ్లీ మానేశాడు. కారెక్కబోతూ బూట్లు కూడా విప్పబోతే ప్రేమావతి వారించింది.

"సూటు తొడుక్కొని బూట్లు ఇడుస్తవా? ఎక్కు!"

ఊళ్లో మెల్లగా పోతున్నంతసేపు ఏసీ లేకుండా అద్దాలు దించింది. రింగు రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే గాలి బండిని వెనక్కి లాగుతుందని అద్దాలు ఎక్కించేసింది. ఏసీ మాత్రం వేయలేదు. సూటులో జయశీలన్ ఉడికిపోయాడు. చెమట కనుబొమల మీంచి కారుతున్నా ఏసీ వెయ్యమనలేదు. లారీ ఏదైనా దాటిపోతుంటే ఊపిరి కూడా బిగబట్టేవాడు.

"డాడీ, నువ్వు ఊపిరి ఆపితె మైలేజీ పెరగదు!"

"తగ్గదు గద!"

ఐదో గేరులో, ఒకే వేగంలో, ముల్లు కదలకుండా ప్రేమావతి తుక్కుగూడ దాకా పోయి తిరిగింది. పైన విమానం దిగుతుంటే దాని నీడ బానెట్ మీంచి జారిపోయింది. ఆమెకు ఎందుకో ఉన్నట్టుండి పాట వచ్చింది. పాడేసింది. జయశీలన్ ఊపిరి సంగతి మరిచి గొంతు కలిపాడు.

శంషాబాద్ దగ్గర రింగు రోడ్డు దిగే వాలులో వాళ్ల పక్కనుంచి ఒక తెల్ల కారు చప్పుడే లేకుండా దాటిపోయింది. కుర్మయ్య! అద్దంలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు.

"సూడు ప్రేమక్కా! ఇంజనే బంద్!"

"కుర్మన్నా, ఇంజన్ చాలు జెయ్యి! స్టార్ట్ జెయ్యి!" అని ప్రేమావతి అరిచింది.

వాలు చివర మలుపు ఉంది. కుర్మయ్య స్టీరింగు తిప్పబోతే అది సగమే తిరిగింది. కారు తొందరేమీ లేకుండా రోడ్డు దిగి, మొన్నటి వానకు మెత్తబడ్డ బురదలోకి పోయి, ఎత్తుగా పెరిగిన గడ్డిలో మూతి పెట్టి ఆగింది.

"ఆపకు ప్రేమా, ఆపితె మళ్ల మొదటి గేరుకెల్లి ఎత్తాలె..." అంటూనే జయశీలన్ తలుపు తెరిచాడు. ప్రేమావతి అప్పటికే పక్కకు తీసి ఆపేసింది. సూటులోనే అతను బురదలోకి ఉరికాడు.

ఎవరికీ గీత కూడా పడలేదు. సత్తెమ్మ కారు దిగి గడ్డిలోంచి నడిచి వచ్చింది. నెత్తి మీద సీతాఫలాల గంప ఉంది. షోరూమ్ వాళ్లకు ఇద్దామని చేను గట్ల మీద కోసుకొచ్చిందట. వెనక కుర్మయ్య బురద కాళ్లతో నిలబడి ఫోనులో తమ ట్రాక్టరు డ్రైవరు మొగులయ్యను పిలుస్తున్నాడు.

"మీరు గూడ కూసోండ్రి, పోదం," అంది ప్రేమావతి.

"ఆయన్ని ఆడనే ఉండనియ్యి, బండి కాడ," అంది సత్తెమ్మ. "నేనొస్త. ఆడ భోజనాలు గూడ ఉన్నయట."

సత్తెమ్మ నిండైన మనిషి. ఆమె కూర్చోగానే కారు వెనక భాగం కిందికి దిగింది. దాని మీద గంప. జయశీలన్ వెనక్కి తిరిగి చూసి, ఆ గంప వైపే చూపు నిలిపి, మెల్లగా అన్నాడు. "సత్తెమ్మా, అవి తిందమా జర? బరువు తగ్గుతది."

"తింటె బరువు ఎక్కడికి పోతది డాడీ? కడుపులకే గద!"

"గింజలు బయట ఊస్తం గద! అంత తగ్గె!"

శంషాబాద్ ఊళ్లో బండి మెల్లగా పోతోంది, అద్దాలు దించే ఉన్నాయి. ఇక మొదలైంది. ఎడమ కిటికీలోంచి జయశీలన్, వెనక నుంచి సత్తెమ్మ, ఆమె పక్కన సిల్వియా టపటపా గింజలు ఊశారు. సిల్వియాకు నవ్వీ నవ్వీ ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ప్రేమావతి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా రోడ్డు మీంచి చూపు తీయలేదు. "నన్ను నవ్వియ్యకుండ్రి, కాలు వణుకుతున్నది," అని బతిమాలుతూనే బండిని అత్తాపూర్ చేర్చింది.

అక్కడ మళ్లీ ట్యాంకు నింపారు. పట్టింది ఎంత తక్కువంటే బంకు మనిషి గొట్టం తీసి, ఊపి, మళ్లీ పెట్టాడు.

షోరూమ్ మేనేజరు కోస్తా వైపు మనిషి, మర్యాదగా మాట్లాడతాడు. "మేడమ్, మధ్యలో ఒకరిని ఎక్కించుకున్నారు కదా. ఇది నిబంధనలకు సరిపోతుందో లేదో చూడాలండి."

"దించుకుంటె తప్పు గని సారూ, ఎక్కించుకుంటె తప్పేంది?" అని జయశీలన్ సీతాఫలం చేతులతోనే అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేనేజరు కూడా నవ్వి ఒప్పుకున్నాడు. ఆయన చేతిలో సత్తెమ్మ వెంటనే ఒక సీతాఫలం పెట్టింది.

భోజనాలయ్యే వేళకు గేటు దగ్గర గోల రేగింది. ట్రాక్టరు మీద మొగులయ్య, దాని వెనక తాడు, తాడుకు బురద కారు, కారులో స్టీరింగు పట్టుకొని దర్జాగా కుర్మయ్య!

"నాది గూడ లెక్కెయ్యుండ్రి!" అని అరిచాడు. "శంషాబాద్ కెల్లి ఈడిదాక సుక్క తాగలే!"

అక్కడున్న కుటుంబాలన్నీ పళ్లేలు పట్టుకొనే నవ్వాయి.

ప్రేమావతికి రెండో స్థానం వచ్చింది. లీటరుకు ఇరవై ఒకటి దాటింది. మొదటి స్థానం ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరుది, అదీ వెంట్రుకవాసి తేడాతో. మైకులో అది వినగానే సత్తెమ్మ గుండె మీద చేయి వేసుకొని లేచింది. "అంటె నేను ఎక్కకుంటె మొదటి నంబరే! నా బరువే ఓడగొట్టింది!" అని ఎంతో గర్వంగా నలుగురికీ చెప్పుకుంది. ప్రేమావతి ఆమెను వాటేసుకుంది. తన చెవిలో మాత్రం ఒక్క మాటే మోగుతోంది. ఇరవై ఒకటి. పది ఇచ్చిన బండి, ఇరవై ఒకటి! బహుమతి కుక్కరు తీసుకుంటూ మేనేజరుకు కూడా "థ్యాంక్యూ" బదులు "ఇరవై ఒకటి" అనేసింది. మోకాళ్ల దాకా బురద, మెడలో టై, చేతిలో కుక్కరు మూతతో జయశీలన్ అడగకుండానే ఫోటోకు నిలబడ్డాడు.

రోజువారీ తిరుగుడులో అంత రాదని ప్రేమావతికి తెలుసు. పదహారు, పదిహేడు వచ్చేది. అదే చాలనుకుంది. జయశీలన్ కూడా మెల్లగా నేర్చుకున్నాడు. ఎర్ర లైటు కనబడగానే "తీసిన, కాలు తీసిన" అని పైకి చెబుతూ నడిపేవాడు.

సంక్రాంతి పోయాక ఒక మధ్యాహ్నం సత్తెమ్మ కొత్త జాకెట్టు తొడుక్కొని వచ్చి, "నాకు గూడ నేర్పు," అంది. వాళ్ల ఊళ్లో వరి కోసిన మళ్ల పక్కన వెడల్పాటి మట్టి బాట ఉంది. సత్తెమ్మ స్టీరింగు ముందు, ప్రేమావతి పక్కన కూర్చున్నారు. కుర్మయ్య వెనక సీట్లో, ముందు సీటును రెండు చేతులా పట్టుకొని కూర్చున్నాడు. కారు రెండుసార్లు ఎగిరి ఆగింది. మూడోసారి కదిలింది.

"పోతున్న! అక్కా, నేనే పోతున్న!"

"పోతున్నవ్! ముందుకు జూడు, ఇంకా దూరం జూడు!"

"జూస్తున్న! మా ఎడ్లు గూడ నన్నే జూస్తున్నయ్!"