ఎడమ అద్దం లేని కారు

ఆ రోజు మలుపు దగ్గర నేను ఎడమ వైపు చూడలేదు. చూడకుండానే ‘ఖాళీ’ అన్నాను. ఈ సంగతి ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్న దాన్ని. ఆ రోజు పేజీలో మాత్రం ‘ఎండ ఎక్కువ’ అని రాసి మూసేశాను.

డిగ్రీ పూర్తయిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మిర్యాలగూడ శాఖకు వేశారు. మాది, మా ఊరు సూర్యాపేటలోనే ప్రధాన కార్యాలయం ఉన్న ఒక చిన్న డ్రైవింగ్ స్కూలు. కోదాడలో ఒకటి, మిర్యాలగూడలో ఒకటి శాఖలు ఉండేవి. కారు నేర్చుకోవడానికి ఆడవాళ్లు ఎక్కువగా వస్తున్నారని, నేర్పడానికి కూడా ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని ఓనరు అనుకున్నాడు. నా హోదా ‘సహాయ శిక్షకురాలు’. నా పైన యాదగిరి సారు, శాఖ మొత్తానికి ఆయనే ఇన్‌స్ట్రక్టర్. మేళ్లచెరువు సిమెంటు లారీల మీద ఇరవై ఏళ్లు తిరిగి, మోకాళ్లు మొరాయించాక ఈ పనిలోకి వచ్చిన మనిషి. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా ఆయనే, ఆ శాఖకున్న ఒకే ఒక్క కారులో.

ఆ కారు గురించి చెప్పాలి. నాకంటే వయసులో పెద్దది. స్టీరింగు తిప్పితే భుజాలు నొప్పి పుట్టేవి. కుడి తలుపుకు ఒక అద్దం ఉండేది, అది జారిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉండేది. లోపల నడిమి అద్దాన్ని ఇన్‌స్ట్రక్టర్ తన వైపుకు తిప్పుకుంటాడు, కాబట్టి నేర్చుకునేవారికి అది లేనట్టే. ఎడమ వైపు అద్దమే లేదు. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఉండేది కాదట. పెట్టించమని యాదగిరి సారు ఒకసారి అడిగితే, కోదాడ మనిషి అయిన మా ఓనరు నవ్వాడు. “ఎడమద్దం దేనికండీ యాదగిరిగారూ, నెలకొకటి గోడకేసి పగలగొడతారు. మీరున్నారుగా పక్కన!” అన్నాడు.

అందుకని మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. ఎడమ సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టరే ఎడమ అద్దం. ఆయన కాళ్ల దగ్గర కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉంటాయి. కారు ఎడమకు తిరగాల్సినప్పుడు ఆయన కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసి, ఏ బండీ రావడం లేదని నిశ్చయించుకున్నాక ‘ఖాళీ’ అంటాడు. ఆ మాట వినబడితేనే నేర్చుకునేవారు తిప్పాలి. వినబడకపోతే ఇండికేటర్ వేసుకుని ఎంతసేపైనా ఆగాలి. వెనక లారీ హారను మోగించినా, ఎవరు తిట్టినా ఆగాలి. మొదటి రోజు ఇంజను ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టి, క్లచ్ కంటే ముందు చెప్పే పాఠం ఇదే.

నేను నేర్చుకునేటప్పుడు యాదగిరి సారు ‘ఖాళీ’ అనే ముందు నన్ను కూడా తల తిప్పమనేవారు. నాకు అటువైపు పూర్తిగా కనబడదని తెలిసీ అనేవారు. నేను కొయ్యలా బిగుసుకుపోయి ముందుకే చూస్తుంటే, “మెడ ఎందుకుంది బిడ్డా, గొలుసు ఏస్కోనీకేనా? తిప్పు జర,” అనేవారు. నేను నవ్వేదాన్ని కాదు. కొత్తవాళ్ల ముందు నాకు నవ్వు రాదు, మాట రాదు. ఎవరైనా నన్నే చూస్తున్నారంటే మెడ దానంతట అదే వంగిపోతుంది. సంచిలో లైబ్రరీ పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండేది. ఖాళీ సమయంలో ఆఫీసు వెనక గదిలో కూర్చుని చదువుకోవడమే నాకు ఆ ఉద్యోగంలో బాగా నచ్చిన భాగం.

మిర్యాలగూడలో మేం నేర్పే దారి ఆఫీసు నుంచి మెయిన్ రోడ్డు మీదుగా వెళ్లి, రైసు మిల్లులున్న వీధిలోకి ఎడమకు తిరుగుతుంది. ఆ మలుపు మీదే ఒక టీ కొట్టు. మిల్లుల్లో లోడు కోసం ఎదురుచూసే లారీల వాళ్లు పొద్దున్నే అక్కడ చేరేవారు. ఎల్ బోర్డు కనబడితే వాళ్లకు పండగ. “ఎల్ బోర్డొచ్చింది రోయ్, సైకిళ్లు లోపల పెట్టుకోండ్రి!” అని ఒకడు అరిచేవాడు. నేను చూడటానికి తల బయటికి పెట్టగానే ఇంకొకడు, “ఓ మేడమ్, అద్దం లేకపోతే మాయె, మా దిక్కు సూడు, బండి ఉన్నదో లేదో మేం జెప్తం!” అనేవాడు. అందరూ నవ్వేవారు. వాళ్లు చెడ్డవాళ్లని ఇప్పుడు అనిపించడం లేదు. పొద్దుపోక అన్న మాటలవి. కానీ ఆ మలుపు రాబోతుందంటే కిలోమీటరు ముందు నుంచే నేను సీట్లో కిందికి జారి కూర్చునేదాన్ని.

మొదట కొన్ని రోజులు చూశాను. తర్వాత సగం తల తిప్పడం మొదలుపెట్టాను. ఆ తర్వాత హాజరు రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని, అందులో ఏదో చూస్తున్నట్టు తల వంచి, చెవులతో విని ‘ఖాళీ’ అనడం అలవాటైంది. బండి చప్పుడు లేకపోతే ఖాళీ అన్నట్టే. వారాల తరబడి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్లే అది తప్పు అనిపించడం మానేసింది.

మరియమ్మ ఆ రోజుల్లోనే చేరింది. నేరేడుచర్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఆయా. నలభై దాటిన మనిషి. తెల్లవారకముందే లేచి, షేర్ ఆటో పట్టుకుని మిర్యాలగూడ వచ్చి, అరగంట కారు నడిపి, మళ్లీ ఆటోలో బడి గంటకు అందుకునేది. బడి వ్యాను నడిపే అతను మానేస్తున్నాడట. ఆమెకు లైసెన్సు వస్తే వ్యాను ఆమెకే ఇస్తామని బడి పెద్ద మాటిచ్చాడు.

“పదకొండేండ్ల నుంచి ఆ వ్యాన్ల ఎడమ దిక్కు కూసుంటున్న మేడమ్. ఒక్కపాలి కుడి దిక్కు కూసోవాలె. పిల్లల ముక్కులు తుడుసుడు ఇంకెవలన్న జేస్తరు,” అని చెప్పి తనే గట్టిగా నవ్వింది. నాది ఆమె వయసులో సగం. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె మాత్రం మేడమ్ అనడం మానలేదు.

మాది ఇరవై ఒక్క రోజుల కోర్సు. అది పూర్తయ్యాక పరీక్షకు స్కూలే తీసుకెళ్తుంది. మోటారు వాహనాల తనిఖీ అధికారి ముందు ఎనిమిది అంకె ఆకారంలో కారు నడిపి చూపాలి. ఆ అధికారిని మేమంతా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే అంటాం. మరియమ్మకు క్లచ్ తొందరగానే పట్టుబడింది. గేరు మార్చేటప్పుడు నాలుక బయట పెట్టేది. ఒక్క భయం మాత్రం పోలేదు. ఎడమకు తిరిగే ప్రతిసారీ నా మాట కోసం ఊపిరి బిగబట్టి ఆగేది.

పదిహేడో రోజు. ఎండ అప్పటికే ముదిరింది. టీ కొట్టు దగ్గర మామూలుకంటే ఎక్కువ మంది ఉన్నారు. మరియమ్మ ఇండికేటర్ వేసి, వేగం తగ్గించి ఆగింది. “ఇయ్యాల ఇద్దరాడోళ్లేరా!” అని ఎవరో అనడం, నవ్వులు వినబడ్డాయి. నేను రిజిస్టరులోకి చూస్తూ ‘ఖాళీ’ అన్నాను. ఆమె తిప్పింది.

టీవీఎస్ మోపెడ్ చప్పుడు ఆ నవ్వుల్లో కలిసిపోయిందేమో, నాకు వినబడలేదు. భార్యాభర్తలిద్దరు, మధ్యలో గడ్డి మోపు. మా కారుకూ రోడ్డు అంచుకూ మధ్య నుంచి వస్తున్నారు. నేను బ్రేకు తొక్కేసరికి వాళ్లు నా తలుపుకు తగిలారు. అతను బండితో పాటు పక్కకు ఒరిగి నిలదొక్కుకున్నాడు. వెనక కూర్చున్న ఆమె కింద పడింది, బరువంతా చేతి మీదే. మణికట్టు విరిగిందని దవాఖానలో చెప్పారు. నాట్ల కాలం. ఆమె కూలికి పోయే మనిషి. ఆ మాట ఆమె భర్త పదేపదే అన్నాడు, అరవకుండా, ఎవరినీ చూడకుండా.

జనం మూగారు. “ఆడోళ్లకు కార్లెందుకు, చెప్పుండ్రి,” అన్నాడొకడు. మరియమ్మ కారు దిగి, కింద పడ్డ మనిషి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను కారు తలుపు తెరవలేకపోయాను. అది సొట్టపడి బిగుసుకుపోయింది. అందుకు నాకు సంతోషంగా ఉండింది. ఈ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు.

యాదగిరి సారు వచ్చి, గాయపడ్డ వాళ్లను దవాఖానకు పంపించి, మధ్యాహ్నం మా ఇద్దరినీ ఆఫీసులో కూర్చోబెట్టారు. ఏదైనా జరిగితే రాసే రిజిస్టరు ఒకటి ఉండేది. అందులో మొదట రాయాల్సింది ఎడమ సీటు మాట. ఇన్‌స్ట్రక్టర్ ఖాళీ అన్నాక జరిగితే బాధ్యత ఇన్‌స్ట్రక్టర్‌ది. అనకముందే తిప్పితే నేర్చుకునేవారిది.

“ఖాళీ అన్నవా బిడ్డా?” అని అడిగారాయన.

“అనలేదు సార్,” అన్నాను.

మరియమ్మ నా పక్క కుర్చీలోనే ఉంది. ఆమె కాదంటుందని ఎదురుచూశాను. కాదంటే బాగుండునని కూడా అనుకున్నాను. యాదగిరి సారు ఆమెను కూడా అడిగారు.

“నాదే తప్పు సార్. ఆగాలె, ఆగలే,” అంది.

ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు రాయలేదు. నా వంక చూశారు. తర్వాత ‘నేర్చుకునే వ్యక్తి సొంత నిర్ణయంతో తిప్పారు’ అని రాసి, మా ఇద్దరి సంతకాలు తీసుకున్నారు. స్కూలు తరఫున ఆమెను పరీక్షకు తీసుకెళ్లకూడదని ఓనరు ఫోన్లో చెప్పాడు. మరియమ్మ మళ్లీ రాలేదు. నెల తిరిగేసరికి నేరేడుచర్ల బడి వ్యానుకు వేరే మనిషిని పెట్టుకున్నారని, అటు నుంచి వచ్చే ఆటో అతను చెప్పాడు.

ఆ వారమే కారుకు ఎడమ అద్దం వచ్చింది. సూర్యాపేటలో పాత సామాన్ల కొట్లో దొరికితే యాదగిరి సారే తలుపు సొట్ట తీయించి బిగించారు. దాన్ని నాకు కనబడేలా సర్దుతూ, “ఇగ నీకు మెడ తిప్పుడు కూడా లేదు,” అన్నారు. హాస్యానికి అన్నారో, తెలిసి అన్నారో ఇప్పటికీ తెలియదు. ఆ అద్దంలో టీ కొట్టు వాళ్లు చిన్నగా, దూరంగా కనబడేవారు. తల వంచుకునే అన్నీ చూడగలిగేదాన్ని. మరో ఏడాదిన్నర చేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత మానేసి సూర్యాపేట వచ్చేశాను. ఇప్పుడు ఒక జిరాక్సు షాపులో కూర్చుంటున్నాను. అక్కడ మాట్లాడే అవసరం తక్కువ.

డ్రైవింగ్ నేర్పే పని గురించి అడిగేవారికి ఆ ఉద్యోగం నుంచి నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది. ఎడమ సీట్లో కూర్చున్న మనిషి చూడలేకపోతే చూడలేదని చెప్పాలి. అలా చెబితే కారు ఆగి ఉంటుంది, వెనకవాళ్లు హారను కొడతారు, అంతకంటే ఏమీ జరగదు. చూడకుండా చూశానంటే నష్టపోయేది ఎదుటివాళ్లు. కారులో ఎన్ని అద్దాలున్నా ఇది మారదు.

మొన్న వేసవి సెలవులకు ముందు నేరేడుచర్ల వెళ్లాను. ఇంట్లోవాళ్లకు అక్కడ ఏదో పని ఉందని చెప్పాను. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. వ్యాను వెనక్కి వస్తోంది. ఎవరో కుర్రాడు నడుపుతున్నాడు. ఎడమ కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, “ఆగు, ఆగు... ఇంక రా,” అంటూ వెనక్కి చూస్తోంది మరియమ్మ. జుట్టు తెల్లబడింది. ఆ వ్యానుకు రెండు వైపులా పెద్ద అద్దాలున్నాయి.

నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. పిల్లలను ఎక్కిస్తూనే, బాగున్నవా, పెళ్లయిందా, ఏడ జేస్తున్నవ్ అని అడిగింది. దారంతా వల్లె వేసుకున్న మాటలు ఉన్నాయి, అవేవీ రాలేదు. “అక్కా, ఆ రోజు నేను ఖాళీ అన్నాను. అటు చూడలేదు. సార్‌కు అబద్ధం చెప్పాను,” అని మాత్రం అనగలిగాను.

ఆమె చివరి పిల్ల బ్యాగు వ్యానులో పెట్టి, తలుపు వేసి, గొళ్లెం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. తన సీట్లోకి ఎక్కి కూర్చుంది. కుర్రాడు ఇంజను స్టార్ట్ చేశాడు. అప్పుడు కిటికీలోంచి నా వైపు వంగి, మేడమ్ అనకుండా, మెల్లగా అంది.

“నువ్వు అటు సూడలేదని నాకు అప్పుడే ఎర్క బిడ్డా. నేను నీ దిక్కే సూస్తున్న. సూసి గూడ తిప్పిన.”