రాహుకాలంలో తెగిన నూనె చుక్క

ఆ రోజుల్లో ఆటో ముందు నిమ్మకాయ వేలాడుతూ కనిపిస్తే చాలు, దిగాల్సిన చోటు దాటిపోయేదాకా డ్రైవరుతో వాదించేదాన్ని. రాజమండ్రిలో నా చదువుకి మాత్రం వాదనతో పనిలేదు, చుక్కలతోనే పని. బొటనవేలంత గాజు పలకలో వెంట్రుకంత సన్నని కాలువలుంటాయి. నడిమి కాలువలోకి కొబ్బరినూనె, రెండు పక్కల నుంచి సబ్బునీళ్లు పంపితే, నీళ్లు నూనెను నొక్కి తెంపుతాయి. ఒకే కొలత చుక్కలు పూసల్లా వరుసగా సాగుతాయి. చర్మానికి రాసే మందును వాటిలో దాచాలని మా ఆశ.

ఆ చలికాలం బయటినుంచి వచ్చిన పరీక్షకుడుగారు చుక్కల్ని కళ్లారా చూస్తేనే నా ఫెలోషిప్ సాగుతుంది, లేకపోతే మా ఊరు మొగల్తూరుకి బస్సెక్కడమే. "రాహుకాలం వెళ్లాక మొదలెట్టవే" అంది తోటి విద్యార్థిని (ఆమెను పంచాంగం అనేవాళ్లం). "అయితే ఇప్పుడే మొదలెడతా" అని పంపు మీట నొక్కాను. మైక్రోస్కోపు తెర మీద నీళ్లు కనిపించాయి, నూనె లేదు.

"చెప్పానా?" అంది పంచాంగం. ఇక నేనందుకున్నాను. రాహువన్న గ్రహమే లేదని, గ్రహణం నీడేనని, గొంతు పెంచుకుంటూ పోయాను (భయమేస్తే నా గొంతు పెరుగుతుంది). పరీక్షకుడుగారు గడియారం చూసుకున్నారు.

మా గైడుగారు రోజూ విభూతి రేఖలతో వచ్చే మనిషి, నాతో ఎన్నడూ వాదించలేదు. ఆయన లేచి, అతిథి కోసం మేం బాగా చల్లగా పెట్టిన ఏసీ కట్టేసి, పంపులోంచి నూనె సిరంజి తీసి శాలువాలో చుట్టి చంకలో ఇరికించుకున్నారు. "నూనె పేరుకుపోయిందమ్మా. పలక మీద అరచెయ్యి పెట్టు. కాసేపు నోరు కూడా మూసుకో తల్లీ." (ఆ ఉదయమే హాస్టల్ డాబా మీద నూనె సీసా ఎండలో పెట్టి, కరిగాక జడేసుకున్న తల నాది!)

పరీక్షకుడుగారి టీ అయ్యేలోగా సిరంజి మళ్లీ పంపుకెక్కింది, మొదటి చుక్క తెగింది. వెనకే మరొకటి.

"రాహుకాలం వెళ్లిపోయింది కదండీ, అందుకే!" అంది పంచాంగం.

"ఇంకా ఉందమ్మా" అన్నారు గైడుగారు.

తన నమ్మకానికి పనికొచ్చే అబద్ధాన్ని కూడా ఆయన దగ్గరికి రానివ్వలేదు. నా ఫెలోషిప్ కంటే ఆ ఒక్క మాటకే ఆయనకు ఎక్కువ రుణపడ్డాను. ఆనాటి నా ఉపన్యాసాన్ని ఈమధ్య మళ్లీ తలుచుకున్నాను. ఎంత వెతికినా అందులో తప్పు దొరకలేదు. రాహువు గురించి అన్నీ సరిగ్గానే చెప్పాను, పాపం, నూనె గురించే ఏమీ అనలేదు.