నీళ్ళు పోయని గడప

నా చిన్నప్పుడు మా క్వార్టర్ల లైనులోకి ఏడాదికి ఒక్కసారి అమ్మవారి ఘటం వచ్చేది. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మూతి చుట్టూ వేపమండలు కట్టిన కుండ అది. చైత్రమాసపు ఎండలో ఒకామె దాన్ని తలమీద పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో, హిందీ మాట్లాడే ఈ ఊళ్ళో ఉక్కు కంపెనీ క్వార్టర్ల మధ్య నడిచేది. వెనక రెండు డప్పులు, నలుగురైదుగురు పెద్దలు. తెలుగువాళ్ళ ఇల్లు ఎక్కడుంటే అక్కడ ఆగేది. ఆ ఇంటివాళ్ళు చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి ఆమె పాదాల మీద పోసేవారు. నీళ్ళు పడ్డాకే ఆమె తర్వాతి గడపకు అడుగు వేయాలి. పడకపోతే కదలకూడదు, ఘటం దించకూడదు. ఆ నియమం గట్టిది.

దీని గురించి పోయినేడు మన తెలుగు సంఘం సంచికలో నేనే రాశాను. మన ఊరు ఎంత దక్షిణాదో చెప్పమని సంపాదకులు అడిగితే ఘటం సంగతి, మంగళవారం వంటల సంగతి, పనసపొట్టు కూరలో ఆవ పెట్టే సంగతి కలిపి నాలుగు పేజీలు నింపాను. చివర ఒక వాక్యం రాశాను: ఘటం మోసే మామ్మ వయసు మీదపడి ఒక ఏడు మా ఇల్లు మరచిపోయిందని, అప్పటినుంచి మా వైపు ఘటం రావడం మానేసిందని. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఆ వాక్యం అబద్ధం. ఆమె మరచిపోలేదు. ఇప్పుడు నిజం రాసినందువల్ల ఆమెకు గానీ ఈ ఊరికి గానీ ఒరిగేది ఏమీ లేదు. అయినా ఆ అబద్ధం అచ్చులో నా పేరు కింద ఉంది కాబట్టి, నిజం కూడా అక్కడే ఉండాలనిపించింది.

ఆ మామ్మ మాకు మూడిళ్ళ అవతల ఉండేది. ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి పెళ్ళయి ఈ ఊరు వచ్చింది. భర్త ఫర్నేసులో పనిచేసి పోయాడు. కొడుకు కంపెనీలో అదే విభాగంలో చేరాడు కాబట్టి క్వార్టరు నిలిచింది. ఇన్నేళ్ళున్నా ఆమెకు వచ్చిన హిందీ కూరగాయల బండివాడితో సరిపోయేది. మా అమ్మ ఎక్కడికి వెళ్ళినా నాకు అన్నం ఆమె ఇంట్లోనే. ఏడాదిలో తక్కిన రోజులన్నీ ఆమె ఒక మామూలు ముసలమ్మ. కోడలు విసుక్కుంటే పడి ఉండేది. ఘటం రోజు మాత్రం పెద్దపెద్ద మీసాల ఫోర్‌మన్లు కూడా వంగి ఆమె కాళ్ళు కడిగేవారు. ఆ ఒక్కరోజు కోసమే ఆమె ఏడాదంతా బతికేదని ఇప్పుడు నాకు అర్థమవుతుంది.

ఈ ఊరు దక్షిణాదిదా, ఉత్తరాదిదా అని మనవాళ్ళు నలుగురు కూర్చుంటే ఇప్పటికీ వాదన లేస్తుంది. సాక్చీ బజారులో కరివేపాకు దొరుకుతుందని ఒకరంటారు. శ్రీకాకుళం వెళితే మనల్ని హిందీవాళ్ళంటారు, ఇక్కడేమో మద్రాసీలంటారు, మరి మనం ఎవరమని ఇంకొకరు అడుగుతారు. మామ్మ దగ్గర ఆ వాదన ఉండేది కాదు. ఆమె లెక్క వేరు.

"నీళ్ళడ్డ గడపలన్నీ మన దేశమేరా బాబూ. కద్మాలో మన దేశం ఉంది, కాసిడీలో ఉంది. మద్దిలో పరాయి దేశాలు తగుల్తాయి, దాటుకెల్లిపోవడమే," అనేది, ఊళ్ళోని పేటల పేర్లు చెబుతూ.

నేను నవ్వేవాణ్ణి. నిజానికి నా మట్టుకు నాకు ఆ దేశం అక్కర్లేదు.

పదేళ్ళవాణ్ణి. మా ఎదుటి మైదానంలో క్రికెట్ ఆడే జట్టుకు నాయకుడు హిందీవాళ్ళ ఊరు ఛప్రా నుంచి వచ్చినవాళ్ళ అబ్బాయి. తెలుగు పిల్లల్ని వాళ్ళు 'ఇడ్లీ' అని పిలిచేవారు. మా ఇంట్లో పొద్దున్న చద్దన్నమో, మరమరాలో తప్ప ఇడ్లీ మొహం చూసిన రోజులు తక్కువ. ఆ సంగతి చెబితే ఇంకా నవ్వుతారు. అందుకని, వాళ్ళు ఆ మైదానానికి కొత్తగా ఆటకు వచ్చినప్పుడు, మాదీ ఛప్రాయేనని చెప్పేశాను. నా హిందీ బాగుండేది. నమ్మారు. ఆరు నెలలు ఆ అబద్ధం మీద బ్యాటింగ్ చేశాను. అమ్మ గుమ్మంలో నుంచి తెలుగులో కేకేస్తే వినిపించనట్టు నటించేవాణ్ణి.

ఆ ఏడు ఘటం రోజున చెల్లికి జ్వరం. అమ్మ దాన్ని తీసుకుని ఆసుపత్రికి వెళుతూ, గడప లోపల పసుపునీళ్ళ ఇత్తడి చెంబు పెట్టి నన్ను కూర్చోబెట్టింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు.

"మామ్మ వత్తాది. వచ్చీసరికి నువ్వు గుమ్మంలో ఉండాల. కాళ్ళమీద పొయ్యి, దణ్ణం ఎట్టు. ఆటకెల్లావంటే ఈపు సీరేత్తాను," అని చెప్పి వెళ్ళింది.

మా ఇల్లు లైనులో చిట్టచివరిది. మామ్మ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నవన్నీ తెలుగువాళ్ళు కానివారి ఇళ్ళు. డప్పులవాళ్ళూ పెద్దలూ మా గుమ్మం కనబడని మలుపులో వేపచెట్టు నీడన ఆగిపోయారు. మిగిలింది ఒక్క గడపే కదా అని మామ్మ ఒక్కతే తారురోడ్డు మీద నడిచి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. మలుపులో డప్పుల చప్పుడుకి ఆట ఆపి పిల్లలు ఆమె వెంటపడ్డారు. ముఖం నిండా పసుపు, తలమీద వేపమండలు, ఒంటిమీద తడిసిన చీర. వాళ్ళకు అదొక వింత.

"అరే దేఖ్, మద్రాసీ దాదీ!" అని ఒకడు ఆ మద్రాసీ ముసలమ్మను చూడమని అరిచాడు.

మా జట్టు నాయకుడు ఆమె నిలబడ్డ గుమ్మాన్ని చూసి, నన్ను చూశాడు. "యే తేరే ఘర్ క్యోం ఆయీ హై రే?" అని, ఈమె మీ ఇంటికెందుకొచ్చిందని అడిగాడు.

"నాకేం తెలుసు" అని హిందీలోనే అన్నాను. అని లోపలికి వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టాను. చెంబు కాలికి తగిలి కొన్ని నీళ్ళు లోపలే ఒలికాయి.

"బాబూ, నీళ్ళట్టుకు రా నాయినా. కాళ్ళు కాల్తన్నాయి," అని బయటినుంచి పిలిచింది. మెల్లగానే పిలిచింది. రెండోసారి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

కిటికీకి దోమల జాలీ ఉండేది. దాని వెనక నిలబడి చూశాను. ఆమె ఒక కాలు ఎత్తి ఇంకో పాదం మీద ఆనించి, కాసేపటికి కాలు మార్చి, తలమీది కుండ కదలకుండా నిలబడింది. పిల్లలు ఆమె చుట్టూ గంతులేస్తూ లేని డప్పు కొడుతున్నారు. ఆమె చూపు కిటికీ మీదికి వచ్చింది. నన్ను చూసింది. చుట్టూ ఉన్న పిల్లల్ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందేమో అని ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను. ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

అప్పుడు ఆమె పిల్లల వైపు తిరిగి, తనకున్న నాలుగు ముక్కల హిందీలో గట్టిగా చెప్పింది. "గలత్ ఘర్. హమ్ గలత్ ఘర్ ఆయా. యే హమారా వాలా ఘర్ నహీ హై."

తప్పింటికి వచ్చానంది. ఇది మా వాళ్ళ ఇల్లు కాదంది. నాకు అన్నం వండి పెట్టిన మనిషి. తర్వాత నీళ్ళు పడని కాళ్ళతో వెనక్కి తిరిగి, వచ్చినదారినే మలుపు దాకా నడిచి వెళ్ళింది.

అక్కడ పెద్దలు మొదట చూసింది ఆమె పాదాలనే. పొడిగా ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఏమైందని అడిగితే, "ఎండకి కళ్ళు తిరిగినాయి. ఆ సివరి గుమ్మం మర్సిపోనాను," అందట. గడప వదిలేసిన మనిషి మళ్ళీ ఘటం ఎత్తకూడదు. అదీ నియమమే. అయినా సాయంత్రం ఇద్దరు పెద్దలు మా ఇంటికి వచ్చారు. ఆమెను తప్పించడం వాళ్ళకూ ఇష్టం లేదు. ఎక్కడైనా పొరపాటు పడ్డామేమోనని అడగడానికే వచ్చారు. వాళ్ళ ఎదుటే అమ్మ నన్ను అడిగింది.

"మామ్మ వచ్చిందేట్రా? నిజం సెప్పు."

ఆ ఒక్కమాట నా నోట్లో ఉంది. వచ్చిందని అంటే ఆమె మళ్ళీ ఏడాది ఘటం ఎత్తేది. "రాలేదు" అన్నాను.

పెద్దలు లేచి వెళ్ళిపోయారు. మరుసటేడు ఘటం మరొకామె నెత్తికి వెళ్ళింది. తప్పిపోయిన గడప ఉన్న దారి అచ్చిరాదని ఎవరో అన్నారు. డప్పులు మా మలుపు దాకా వచ్చి తిరిగిపోయాయి. ఆ రోజు మామ్మ తన అరుగు మీద కూర్చుని ఉంది. చప్పుడు దగ్గరవుతుంటే లేచి నిలబడింది, దూరమవుతుంటే కూర్చుంది.

నేను ఉండబట్టలేక వెళ్ళి, అందరికీ చెప్పేస్తానన్నాను. నా చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టింది.

"ఏటి సెప్తావు? నోర్మూసుకో. సెప్తే ఆ గుంటలు నీతో ఆడతారేటి? మీయమ్మ నలుగుర్లో తలెత్తుతాదేటి? ఈ ఊర్లో నువ్వు బతకాల బాబూ. నాను బతికీసినాను."

పదకొండేళ్ళవాడికి అంతకంటే ఏం కావాలి? సరేనన్నాను. ఆమె క్షమించిందనుకుని ఆటకు పరుగెత్తాను. నా అబద్ధం ఆమె తన నెత్తిమీదికి ఎత్తుకుందని, దాన్ని దించమని నేను మళ్ళీ ఎప్పుడూ అడగలేదని తెలిసేసరికి, ఆమెను సువర్ణరేఖ నది ఒడ్డు శ్మశానానికి తీసుకెళ్ళి చాలా ఏళ్ళయింది. పాడె లేపేముందు ఆడవాళ్ళు పాదాలకు పసుపు రాశారు. ఆ రోజు కూడా నేను వెనకాలే నిలబడ్డాను.

అలా ఘటం తిరిగే లైన్లు ఒక్కొక్కటే పోయాయి. అన్నిటికీ నేనే కారణమనను. క్వార్టర్లు కూలగొట్టారు, మనుషులు చెదిరారు, పిల్లలు తెలుగుకు హిందీలో బదులివ్వడం మొదలుపెట్టారు. కానీ ప్రతి లైనులోనూ నాలాంటివాడు ఒకడు లోపలి నుంచి గడియ పెట్టే ఉంటాడని నా అనుమానం. సంఘం సభల్లో ఈ ఊరు దక్షిణాదేనని ఉపన్యాసాలు వింటూ చప్పట్లు కొడతాను. కొడుతూనే మామ్మ లెక్క వేసుకుంటాను. నాకు తెలిసిన గడపలు తడిగా లేవు.

ఇప్పుడు ఇదే ఊళ్ళో సిద్ధగోరాలో ఉంటున్నాం. ఈ ఏడు ఘటం రోజున, ఎవరితోనూ చెప్పకుండా, అమ్మ వదిలిన అదే ఇత్తడి చెంబులో పసుపు కలిపి గేటు దగ్గర నిలబడ్డాను. ఘటం టెంపో మీద వచ్చింది. కుండ ఒక స్టూలుకు తాడుతో కట్టి ఉంది. మైకులో పాట. పెద్దరోడ్డు మీదే పోతుంటే నేను పరుగున వెళ్ళి, ఒక్క గుమ్మం దగ్గర ఆపమని తెలుగులో అడిగాను. బండి సందుల్లోకి రాదని దానిమీది కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. "అంకుల్, గల్లీ మేఁ నహీ జాతా."

తిరిగి వచ్చేసరికి మా అబ్బాయి స్నేహితులు బైకుల మీద గేటు ముందు ఉన్నారు. మా వాడు కిటికీలో నుంచి నన్ను చూశాడు, నా చేతిలో చెంబును చూశాడు, వాళ్ళను చూశాడు. కిటికీ రెక్క మూసి గడియ పెట్టుకున్నాడు. వాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఆ గడియ చప్పుడు నాకు కొత్త కాదు.

పోయడానికి పాదాలు లేవు. పారబోయడానికి చెయ్యి రాలేదు. చెంబు పట్టుకుని ఎండలో అలాగే నిలబడ్డాను, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ.