రిటైరు కానివాడికి వీడ్కోలు

మా మేనల్లుడు మినోబె షున్‌సాకు వృత్తి బేస్‌బాల్‌లో ఎనిమిదేళ్ళు పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా ఉన్నాడు. ఆ ఎనిమిదేళ్ళలో వాడు ఎక్కువగా చేసిన పని మైదానం పక్కన నిలబడి చేయి వేడెక్కించుకోవడం. అలా వేడి చేసిన చేతిని మళ్ళీ చల్లార్చుకుని బస్సెక్కేవాడు.

హెరాన్స్ జట్టు వాడిని ఎంచుకున్న రోజు మా రేవు ఊరికి పిచ్చెక్కింది. ఎండుచేపల వ్యాపారి ఇసొగాయ్ గారు ఆ సాయంత్రమే అభిమాన సంఘం పెట్టి, తనను తానే అధ్యక్షుడిగా ప్రకటించుకున్నారు. నన్ను అడక్కుండానే నా ఉడోన్ నూడుల్స్ కొట్టు గోడకు షున్‌సాకు నిలువెత్తు బొమ్మ అతికించారు. తినడానికి వచ్చినవాళ్ళు ముందు గుళ్ళో దేవుడికి కొట్టినట్టు ఆ బొమ్మకు రెండు చప్పట్లు కొట్టి దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాత కూర్చునేవారు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

దేవుడి సంగతి ఇలా ఉంటే, అక్కడ కొత్తవాళ్ళను తయారుచేసే రెండో జట్టులో వాడి చేతిని ఒక్కొక్కరూ ఒక్కోలా సరిదిద్దుతున్నారు. ఒక కోచ్ చేయి పైకెత్తి విసరమన్నాడు. తర్వాత వచ్చినాయన కిందికి దించమన్నాడు. మూడో ఆయన, "ఇంత మంచి చేతిని పాడుచేసిన దద్దమ్మ ఎవడు?" అని మొదటాయన ముందే అడిగాడట. మావాడు ముగ్గురికీ వంగి నమస్కారం పెట్టి, ముగ్గురు చెప్పినట్టూ విసిరాడు. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పడం వాడికి ఏ బళ్ళోనూ నేర్పలేదు.

అప్పుడప్పుడు మొదటి జట్టులోకి పిలుపు వచ్చేది. అలా వచ్చినప్పుడల్లా మేనేజరు అకుత్సు గారు వాడిని లేపి చేయి తిప్పమనేవారు. ఎదుటి జట్టువాళ్ళు చూసి కంగారు పడాలి, అంతే. ఆ తర్వాత ఇంకెవరినో దింపేవారు. ఇసొగాయ్ గారు మాత్రం బస్సు నిండా జనాన్ని తీసుకెళ్ళి, "చేయి తిప్పుతున్నాడు! చూడండి, మనవాడు చేయి తిప్పుతున్నాడు!" అని గొంతు పోయేలా అరిచి వచ్చేవారు.

పోయిన శరదృతువులో, జట్ల నుంచి మనుషుల్ని తీసేసే రోజులు దగ్గర పడుతుండగా వాడు ఫోన్ చేశాడు.

"అత్తా, ఆఖరి మ్యాచ్‌లో నాకు ఒక్క బ్యాటర్‌ని ఇస్తారట. వాణ్ని నిజంగా ఆడించి అవుట్ చేస్తే, ఇంకో ఏడాది ఉంచమని కోచ్ మాట్లాడతానన్నాడు."

"చెయ్యగలవా?"

"కొత్త బంతి ఒకటి కుదిరింది. బ్యాటు దాకా తిన్నగా వచ్చి, దభీమని కిందికి పడిపోతుంది. ఎవరికీ చెప్పకు అత్తా."

నేను చెప్పలేదు. వాళ్ళ నాన్నకు వాడే చెప్పుకున్నాడు. మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దున్నకల్లా ఇసొగాయ్ గారు నా కొట్టులో ప్రత్యక్షమయ్యారు.

"ఆఖరి మ్యాచ్, ఒకే ఒక్క బ్యాటర్! అర్థం కాలేదా షిజుయే గారూ? మనవాణ్ని గౌరవంగా సాగనంపుతున్నారు!"

"సాగనంపడం కాదండీ, పరీక్ష పెడుతున్నారు."

"మీరు ఉడోన్ సంగతి చూసుకోండి. బేస్‌బాల్ నాకు వదిలెయ్యండి."

మా బేస్‌బాల్‌లో ఒక మర్యాద ఉంది లెండి. ఆట మానుకునే పిచర్‌కు చివరగా ఒక బ్యాటర్‌ని ఇస్తారు. ఆ బ్యాటర్ ఎంత మొనగాడైనా మూడుసార్లు గాల్లో బ్యాటు తిప్పి, అవుటై, వంగి నమస్కరించి వెళ్ళాలి. కొట్టాడో, దేశమంతా దుమ్మెత్తి పోస్తుంది.

మ్యాచ్‌కు నేనూ ఇసొగాయ్ గారి బస్సులోనే వెళ్ళాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో షున్‌సాకు బంతి విసిరే మట్టిదిబ్బ ఎక్కాడు. ఎదురుగా కబాషిమా. ఆ ఏడాది అతని దెబ్బకు ఏడవని పిచర్ లేడు. సరిగ్గా అప్పుడే మా వరసలో గుడ్డ బ్యానరు ఒకటి విచ్చుకుంది. "మినోబె, ఇన్నాళ్ళూ ఎంతో కష్టపడ్డావు, ధన్యవాదాలు!" దాని కింద ఇసొగాయ్ గారు, చేతిలో పిల్లవాడంత పూలగుత్తి.

"దించండయ్యా ఆ గుడ్డ!" అన్నాను. అభిమానుల బాకాల మోతలో ఎవరికి వినబడుతుంది?

కబాషిమా బ్యానరు చూశాడు. పూలు చూశాడు. ఓహో అన్నట్టు తలాడించాడు. మొదటి బంతికి బ్యాటు బారెడు పైనుంచి తిప్పాడు. రెండోదానికీ అంతే. మూడో బంతి తిన్నగా వెళ్ళి, చటుక్కున నేలకు జారింది. అతని బ్యాటు ఎక్కడో ఆకాశంలో తిరిగింది. హెల్మెట్ తీసి, నడుము దాకా వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు, మహానుభావుడు! మైదానమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇసొగాయ్ గారు ఏడుస్తూ పరుగెత్తి కంచె మీదుగా పూలు అందించారు. అక్కడ పనిచేసే అమ్మాయి, ఇదీ కార్యక్రమంలో భాగమే కాబోలనుకుని, తీసుకెళ్ళి వాడి చేతుల్లో పెట్టింది. వాడు పూలు పట్టుకుని కోచ్ వైపు చూశాడు. కోచ్ తన బూట్లు చూసుకున్నాడు.

తర్వాత జట్టు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, సూటు వేసుకుని రమ్మని. సూటు అన్నారంటే తీసేసినట్టే, ఇక లోపల చెప్పేదేమీ ఉండదు. అక్కడి పెద్దమనిషి ఎంతో సంతోషంగా ఉన్నాడట. "వీడ్కోలు చక్కగా జరిగింది. మాకు నోరు తెరిచి చెప్పే ఇబ్బంది తప్పించారు" అన్నాడట.

"కబాషిమాను అవుట్ చేశాను కదండీ" అన్నాడట మావాడు.

"అవును, కబాషిమా గారిది పెద్ద మనసు."

షున్‌సాకు ఆ సూటుతోనే నా కొట్టుకొచ్చి కూర్చున్నాడు. ఉడోన్ గిన్నె ముందు పెట్టాను.

"ఆ మూడో బంతి నువ్వనుకున్నట్టే పడిందా?"

"పడింది అత్తా. అలా ఎప్పుడూ పడలేదు. దాన్ని ఎవడూ కొట్టలేడు."

"ఆ ముక్క ఆఫీసులో చెప్పలేకపోయావుట్రా?"

"కొడదామని చూసినవాడు ఒక్కడైనా ఉండాలిగా, అత్తా."

ఇంతలో తలుపు జరిగింది. ఇసొగాయ్ గారు సాకే మద్యం సీసాతో, సంఘాన్ని వెంటేసుకుని వచ్చారు. "షున్‌సాకూ! నీ వీడ్కోలు చూసి జిల్లా జిల్లా అంతా కళ్ళు తుడుచుకుందిరా! బ్యానరు ఐడియా నాదే, తెలుసుగా?"

నా చేతిలో గరిటె ఉంది. ఆయన బుర్ర మీద ఒక్కటివ్వాలనిపించింది. కానీ అప్పటికే షున్‌సాకు లేచి నిలబడ్డాడు. "అంతా మీ దయ" అని నడుము దాకా వంగాడు. వంగినవాడు ఎంతసేపటికీ లేవలేదు. వాడి భుజాలు అదురుతున్నాయి.

"చూశారా, ఎంత వినయమో!" అన్నారు ఇసొగాయ్ గారు.