మూట విప్పని కథ

మా కళ్లద్దాల షాపుకి కొత్తగా వచ్చినవాళ్లు ఎసినమ్ అక్కని డాక్టరమ్మ అనుకుంటారు. తెల్లకోటు మహిమ అది. నిజానికి ఆమె లెన్సులు అరగదీసి ఫ్రేములకి బిగించే మనిషి. మా హో పట్నం మొత్తమ్మీద ఆమెలా బిగించేవాళ్లు లేరని మా యజమాని ఫియావూ గారే ఒప్పుకుంటారు, ఆయన ఒప్పుకునే విషయాలు చాలా తక్కువ. నలభై రెండేళ్లుంటాయి అక్కకి. నవ్వొస్తే ముందు భుజాలు ఊగుతాయి, ఆ తర్వాత నోరు విచ్చుకుంటుంది.

ఆమెకి ఉన్న పిచ్చల్లా ఒక పాత టీవీ సీరియల్. నేను బళ్లో చదివే రోజుల్లో ఇరవయ్యారు వారాలు వచ్చి, చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. పేరు ‘వంతెన దాటాక’. స్రోడా అని లారీ నడిపే ఆడమనిషి, బెడ్జ్రా అని కస్టమ్స్ ఆఫీసరు. ఇరవయ్యారు వారాలూ వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. చివరి భాగంలో వంతెన మధ్యలో లారీ ఆపి, ఆమె పక్కనున్న మూట చూపించి ఆయన అడిగాడు: “ఆ మూటలో ఏముంది?” ఆమె నవ్వింది. అంతే, ఇక ఆ సీరియల్ మొహం ఎవరూ చూడలేదు.

దేశం దేశమంతా మర్చిపోయింది గానీ ఒక యాభై మంది మర్చిపోలేదు. సముద్రం ఒడ్డున కేటా నుంచి ఉత్తరాన టామలే దాకా, సరిహద్దు అవతల లోమేలో కొందరు, లండన్‌లో ఇద్దరు. వీళ్లందరికీ ఫోన్‌లో ఒక గ్రూపు, ఇంటర్నెట్‌లో ఒక పేజీ. అక్క నన్నూ అందులో చేర్చింది. ఏటా క్రిస్మస్‌కి కానుకలు ఇచ్చిపుచ్చుకుంటారు. కొని ఇచ్చే కానుకలు కావు. నాకు ఫలానా రకం కథ కావాలి, ఫలానా బొమ్మ కావాలి అని అందరూ అడుగుతారు. గ్రూపు నడిపే అమ్మాయి చీట్లు తీసి ఎవరు ఎవరికి చెయ్యాలో రహస్యంగా చెబుతుంది. క్రిస్మస్ పొద్దున కానుకలన్నీ తెరుచుకుంటాయి, చేసినవాళ్ల పేర్లు మాత్రం ఉండవు. పేర్లు కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం పన్నెండింటికి బయటపడతాయి.

ఆ రెండు పండగల మధ్య వారం రోజులూ ఎసినమ్ అక్క రాజ్యం. వచ్చినవన్నీ చదివి, చూసి, తనకి నచ్చినవాటి జాబితా రాస్తుంది. తొమ్మిదేళ్లుగా రాస్తోంది. ఆమె కథ ఎప్పుడూ రాయలేదు, బొమ్మ వెయ్యలేదు, ఉత్త పాఠకురాలు. కానీ ఆమె జాబితాలో పడితే ఆ రాసినవాళ్లకి నేల మీద కాళ్లు నిలవవు. కిందటిసారి ఒక బొమ్మ గురించి ఇలా రాసింది:

“లోమే నుంచి ఎవరో మహాతల్లి పాత బట్టల ముక్కలు కత్తిరించి స్రోడా లారీని అతికించింది. చక్రాలకి నల్ల చుక్కల గుడ్డ వాడింది! నేను ఫోన్ తిప్పి తిప్పి చూశాను. మా ఆయన ‘ఏమైందే, ఎవరైనా పోయారా?’ అని పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ పోలేదు, నేనే పోయాను. ఇప్పుడే చూడండి, పొయ్యి మీద ఏదుంటే అది మాడనీయండి.”

అలా రాస్తుంది. చదివినవాళ్లు నిజంగానే పొయ్యి వదిలేసి చూస్తారు.

ఈసారి డిసెంబరు మధ్యలో ఒకామె రాయలేనని తప్పుకుంది. దాంతో మామా అఫేఫాకి కానుక లేకుండా పోయే పరిస్థితి వచ్చింది. ఆమె కేటాలో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, డెబ్బై ఒక్కేళ్లు, గ్రూపులో అందరికీ హడల్. మా దగ్గర మామా అంటే అమ్మలాంటి పెద్దావిడ. ఆమె అడిగింది కూడా ఎవరూ అడగనిది. “అందరూ ఆ మూట విప్పుతున్నారు. ఒకడు మేకని పెట్టాడు, ఒకతి గోడగడియారం పెట్టింది. నాకు మూట విప్పొద్దు. వాళ్లిద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటే చాలు.” నడిపే అమ్మాయి ఎవరైనా ఆదుకోండని బతిమాలింది. ఆ తర్వాత ఎవరో ఒప్పుకున్నారట అన్నంత వరకే మాకు తెలిసింది.

క్రిస్మస్ నాడు ఆ కథ తెరుచుకుంది. వంతెన మీద గాలిదుమారం. బెడ్జ్రా కళ్లద్దాలు నీళ్లలో పడిపోతాయి. ఆయన చూడాల్సిన కాగితాలన్నీ స్రోడాయే పైకి చదివి వినిపిస్తుంది, తన మీద రాసిన కేసుతో సహా, ఒక్క అక్షరం మార్చకుండా. మూట పక్కనే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. గ్రూపు మొత్తం వెర్రెత్తిపోయింది. ఇరవై ఏడున షాపు తెరిచేసరికి నేను నాలుగుసార్లు చదివాను.

ఆ రోజే అక్క జాబితా వచ్చింది. పదకొండు కానుకలున్నాయి. ఆ కథ లేదు.

గ్రూపు భగ్గుమంది. “ఎసినమ్, ఒకటి మర్చిపోయావ్!” “కళ్లు కనపడటం లేదా?” నేను బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఆ కథ మళ్లీ తెరిచాను. ఈసారి ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “అద్దాలు పోయాక ఆయన ముక్కుకి రెండు పక్కలా చిన్న గుంటలు మిగిలాయి, ఎడమది కాస్త లోతుగా. ఇన్నాళ్లూ ఆ ఫ్రేము వంకరగా ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.”

తల ఎత్తి చూశాను. అక్క ఒక పెద్దాయన ముక్కు మీద ఫ్రేము సర్దుతోంది. “ఎడమ పక్క ఒత్తుతోందా తాతా?” అంటోంది.

ఆయన వెళ్లగానే దగ్గరికి పోయాను. “అక్కా. అది నువ్వే.”

గభాల్న నా నోరు మూసింది. చేతికి అద్దాలు తుడిచే మందు వాసన. “నెమ్మదే యాయ్రా! చచ్చిపోతాను. ఎలా తెలిసింది?”

“ముక్కు మీద గుంటలు ఇంకెవరు చూస్తారే?”

భుజాలు ఊగడం మొదలైంది. “దాన్ని జాబితాలో పెట్టకపోతే నాదేనని తెలిసిపోతుంది. పెట్టి పొగిడితే ఒకటో తారీకున సిగ్గుతో చస్తాను. ఏం చెయ్యను చెప్పు?”

“కొంచెం పెట్టు. చప్పగా.”

ఆ సలహా నాదే, పాపం కూడా నాదే. అక్క అప్పటికప్పుడు జాబితా చివర చేర్చింది: “పన్నెండోది, మామా అఫేఫా కానుక. బాగానే ఉంది. మధ్యలో కాస్త సాగింది.”

అంతకుముందుది మంటే కాదు, ఇప్పుడు మొదలైంది అసలు మంట. మామా అఫేఫా గొంతు రికార్డు చేసి పంపింది. షాపులో ఇద్దరం చెరో చెవి ఆనించి విన్నాం. “ఏమే ఎసినమ్! సాగిందా? ముప్ఫై ఎనిమిదేళ్లు పిల్లల వ్యాసాలు దిద్దాను, సాగదీత అంటే ఏమిటో నాకు చెబుతావా? ఆ పిల్ల ఎవరో పాపం, నా కోసం ఇంత చక్కగా రాస్తే, నువ్వు రెండు ముక్కలు విసురుతావా? చదివినదానివే అయితే మళ్లీ చదువు. సిగ్గుండాలి!”

అక్క లెన్సుల అలమారా వెనక్కి వెళ్లి కూలబడింది. కంగారుగా వెళ్లి చూస్తే కోటు అంచు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్లమ్మట నీళ్లు.

అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. రుచి మరిగింది. “అంత గాలిలో కాగితాలు ఎగిరిపోలేదేం?” అని గ్రూపులో అడిగింది. టామలే నుంచి ఒకాయన, స్రోడా వాటి మీద మోచెయ్యి పెట్టుకుందనీ, మూడో పేరాలో ఉందనీ కోప్పడ్డాడు. “కేసు పూర్తిగా ఎందుకు చదివింది, వదిలేయొచ్చుగా?” అంది అక్క. దానికి లండన్ ఆమె రెండు పేజీలు రాసింది. అబద్ధమాడే అవకాశం చేతిలో ఉండి కూడా ఆడలేదు కాబట్టి ఆ రోజే ఆయనకి ఆమె మీద నమ్మకం కుదిరిందని.

అది చదివి అక్క చేతిలో ఫ్రేము బల్ల మీద పెట్టేసింది. “నేను అంత దూరం ఆలోచించలేదే,” అంది మెల్లగా. “నిజంగా అందుకేనేమో చదివింది.”

ఫియావూ గారు వచ్చి, “లెన్సులు వాటంతటవే బిగుసుకుంటాయా?” అన్నారు. బిగించింది. ఆ వారం బిగించినవన్నీ పాడుకుంటూ బిగించింది.

కొత్త సంవత్సరం రోజు చర్చి నుంచి నేరుగా వాళ్లింటికి పోయాను. బయట ఎడారి నుంచి వీచే హార్మటాన్ గాలి, ధూళి, ఎదుటి కొండ కూడా కనపడటం లేదు. వాళ్లాయన పెరట్లో ఉడికిన దుంపలు రోట్లో వేసి ఫుఫు ముద్ద దంచుతున్నాడు, అక్క తిప్పి వెయ్యాలి. ఫోన్ మీదే కన్ను. పన్నెండు కొట్టింది. పేర్లు బయటపడ్డాయి. అక్క చెయ్యి రోట్లోంచి తియ్యడం మర్చిపోయింది. వాళ్లాయన రోకలి గాల్లోనే ఆపి, “చేతులు కావాలా, కథలు కావాలా?” అని అరిచాడు.

 గ్రూపులో ముందుగా లండన్ ఆమె “అమ్మ దొంగా!” అంది. ఇక వాన కురిసినట్టే. తిట్లు, నవ్వులు, పాటలు. టామలే ఆయనైతే మోచెయ్యి సంగతి రాసినామెకే నేర్పానా అని తల పట్టుకున్న తన ఫొటో పెట్టాడు. మామా అఫేఫా మాత్రం ఉలకలేదు, పలకలేదు. సాయంత్రం దాకా లేదు. మర్నాడూ లేదు.  “పెద్దావిడతో ఆటలాడాను. తప్పు చేశానే,” అంటూ కూర్చుంది అక్క.

ఆరో తారీకు పొద్దున షాపు ముందు బస్సు స్టేషన్ నుంచి వచ్చిన టాక్సీ ఆగింది. తెల్ల తలగుడ్డ, చేతికర్ర, ఇంకో చేతిలో ఎండుచేపల బుట్టతో ఒకావిడ దిగింది. గొంతు వినకుండానే నేను గుర్తుపట్టాను.

“ఎసినమ్ ఎవరే ఇక్కడ?”

అక్క పరీక్ష రాసే పిల్లలా లేచి నిలబడింది. “నేనే మామా. క్షమించు...”

“నోరు ముయ్యి. నా కానుకని నా ముందే తక్కువ చేస్తావా? ఎవరిచ్చారు నీకా హక్కు? ఇచ్చాక అది నాది.” కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. తర్వాత బుట్ట బల్ల మీద పెట్టి, అక్క మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. “ఇరవై మూడేళ్లనుంచి వాళ్లిద్దరూ కూర్చోవాలని చూస్తున్నానమ్మా. కూర్చోబెట్టావు.”

అక్క ఏడ్చింది, నవ్వింది, ఏది ముందో నేను చెప్పలేను. నేను పరిగెత్తి, కెంకే అనే పులిసిన మొక్కజొన్న ముద్దలు, మిరప పచ్చడి తెచ్చాను. వెనక గదిలో ఆ ఎండుచేపలతో తిన్నాం. తింటూనే మామా సంచిలోంచి ఆ కథ అచ్చువేయించిన కాగితాలు తీసింది. ఎర్ర సిరాతో పదిహేడు తప్పులు దిద్ది ఉన్నాయి.

“ఇన్నా!” అంది అక్క.

“కామాలే ఎక్కువ. కథలో చెయ్యి పెట్టలేదు.”

మామా వెళ్లే ముందు అక్క ఆవిడ కళ్లద్దాలకి ముక్కు ప్యాడ్లు మార్చి ఫ్రేము సరిచేసింది. ఎడమది నిజంగానే ఒత్తుతోంది. జాబితా పని ఇప్పుడు నా నెత్తిన పడింది, రాసేవాళ్లు ఎంచకూడదని మామా తీర్పు. అక్క వచ్చే క్రిస్మస్‌కి ముగ్గురికి రాస్తానని అప్పుడే పేరిచ్చేసింది. ఒకరికి చాలన్నా వినలేదు.