ఎడమ చేతి తూటాలు

షార్జాలో నేను బొంబాయి రవ్వ కొంటున్నానంటే అది ఉప్మాకి కాదు, తూటాలు నింపే మిషన్‌కి. రవ్వతోపాటు ఆవాలు కూడా కొనేవాణ్ణి. రోలా పేటలో నాతో ఒకే గదిలో ఉండే మలయాళీలు, నేపాలీలు ఆ పొట్లాలు చూసి ఇవాళ వంట నాదేననుకుని ఆశపడేవాళ్లు. "ఇది మిషన్‌కి భాయ్" అంటే ఒక్కడు నమ్మితే ఒట్టు.

నేను ఫిట్టర్ని. 2009లో అక్కడికి వెళ్లి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేత్ షాపులో కుదురుకున్నాను. ముదీర్, అంటే మా మేనేజరు, మలయాళీ. వెల్డర్ పఠాను. తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. మాది తణుకు పక్క. నోరు మూసుకుని కూర్చోవడం మా వంశంలోనే లేదు. అలాంటిది, పొద్దస్తమానం హిందీలో పని చేసి, మలయాళంలో తిట్లు తిని, తెలుగులో ఒక్క ముక్క మాట్లాడకుండా వారాలు గడిపేసేవాణ్ణి. ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ "తిన్నారా?" అనేది. తిన్నానంటే "సరే అయితే" అనేది. అంతే, ఖలాస్. ఇద్దరికీ చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదని మెల్లగా అర్థమైంది. ఇక నా నోరు ఊరుకోలేక మిషన్లతో మాట్లాడటం మొదలెట్టింది. "ఏమే తల్లీ, ఇవాళేంటి నీ గోల?" అని లేత్‌ని అడిగేవాణ్ణి. "కదిలి చావవేంట్రా" అని డ్రిల్లింగ్ మిషన్ని తిట్టేవాణ్ణి. మతి పోతోందేమోనని నాకే భయమేసేది.

ఒక గురువారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్లాక, అలా తిడుతుంటే వెనక ఎవరో నవ్వారు. పాదాల దాకా తెల్ల కందూరా వేసుకున్న అరబ్బు ముసలాయన. కుడి చెయ్యి పక్కకి వేలాడుతోంది.

"ఏం ఉస్తాద్, అది తిరిగి ఏమైనా అంటోందా?" అన్నాడు, బొంబాయి హిందీలో. కుర్రతనంలో తండ్రితో పడవెక్కి బొంబాయి వెళ్లి అక్కడ వ్యాపారం చేసినాయనట. నా హిందీ కన్నా ఆయన హిందీయే నయం.

"అదేమంటుంది బాబా! నేనంటే పడుతుంది, అంతే" అన్నాను.

ఆయన డ్రైవరు ఒక పాత మిషన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. నిలువుగా ఉన్న చిన్న ఇనుప చట్రం, పైన రెండు సీసాలు, పక్కన పొడుగాటి హ్యాండిలు. పేల్చేసిన తూటా ఖాళీ డొప్పని అందులో నిలబెట్టి హ్యాండిల్ లాగితే ఒక సీసాలోంచి తుపాకీ మందు పడుతుంది, రెండో సీసాలోంచి సీసపు గుళ్లు పడతాయి. చివరి లాగుడికి డొప్ప మూతి మడుచుకుంటుంది. ఎడారిలో క్లబ్బుల్లో మట్టి బిళ్లల్ని గాల్లోకి విసిరి తుపాకీతో కొట్టే సరదా ఒకటుంటుంది. ఆయనది ఆ సరదా. అన్నాళ్లూ తన తూటాలు తానే నింపుకున్నాడట. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఈ మిషన్‌కేమో రెండు చేతులూ కావాలి.

"ఇప్పుడు కాల్చేది మా మనవడు. కానీ నింపేది నేనే అవ్వాలి. ఎవరి సాయమూ లేకుండా, ఈ ఎడమ చేత్తో. చేసిపెడతావా?"

చేస్తానన్నాను. ఎలా చెయ్యాలో నాకు బొత్తిగా తెలియదు.

మందు, గుళ్లు షాపులోకి రావడానికి వీల్లేదు. వెల్డింగు నిప్పురవ్వలు ఎగిరే చోట అవి పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా! అందుకని మందుకి బదులు రవ్వ, గుళ్లకి బదులు ఆవాలు పోసి చూద్దామన్నాను. ఆయన ఆవగింజని వేళ్ల మధ్య నలిపి చూసి, "మా బొంబాయి వంటవాడు చూస్తే ఏడుస్తాడు" అన్నాడు.

హ్యాండిల్ని ఎడమ వైపుకి మార్చడం తేలికే అయింది. చిక్కంతా డొప్పతో వచ్చింది. హ్యాండిల్ లాగేటప్పుడు దాన్ని రెండో చెయ్యి పట్టుకోకపోతే ఒరిగిపోతోంది. రవ్వంతా నేలపాలు. ముదీర్ వచ్చి "ఇది షాపా, హోటలా?" అని అరిచేవాడు. దేశం వదిలి వెళ్లిపోయే ఇంగ్లీషు వాళ్ల దగ్గర ముసలాయన ఇలాంటివే పాత మిషన్లు ఒక్కోటీ కొనుక్కొచ్చేవాడు. ఒకదానికి అడుగు పగిలి ఉండేది, ఒకదానికి సీసాలుండేవి కావు. దాని కాలు దీనికి, దీని మెడ దానికి పెట్టి కుస్తీ పట్టేవాణ్ణి. రోలాలో ఒక టైలరు పారేసిన కుట్టుమిషన్ పెడల్ తెచ్చి కింద బిగించాను. కాలితో తొక్కితే స్ప్రింగు బిగుసుకుని డొప్పని పట్టుకోవాలి. అది ఒకసారి పట్టుకుంటే రెండుసార్లు వదిలేసేది.

అలా నెలలు పట్టింది. ఆయన ప్రతి గురువారం ఫ్లాస్కులో గహ్వా కాఫీ, ఖర్జూరాలు తెచ్చుకుని స్టూలు మీద కూర్చునేవాడు. పని కుదరకపోతే ఇద్దరం పోట్లాడుకునేవాళ్లం. ఆయనకీ నాలాగే ముక్కు మీద కోపం. ఒకసారి డొప్పని విసిరికొట్టి "నీకు చేతకాదని చెప్పెయ్" అన్నాడు. "అయితే ఇంకో ఉస్తాద్‌ని చూసుకో బాబా" అన్నాను. పై గురువారం మళ్లీ అదే ఫ్లాస్కుతో దిగాడు. వారమంతా నేను ఆ మధ్యాహ్నం కోసమే ఎదురుచూసేవాణ్ణి. నాకోసమని వచ్చే మనిషి ఆ దేశంలో ఆయనొక్కడే.

చివరికి స్ప్రింగు మాట విన్నది. డొప్ప కదలకుండా నిలబడింది. ఆ సంబరంలో దసరా వచ్చింది. మా వైపు ఫిట్టరన్నవాడు దసరా రోజు మిషన్లకి పూజ చేయకుండా ఉండడు. ముదీర్ సణుగుతూనే ఒప్పుకున్నాడు. అన్నీ కడిగి, తుడిచి, పసుపు రాసి, లేత్‌కీ డ్రిల్లింగ్ మిషన్‌కీ ఫ్యాన్ స్విచ్చికీ కుంకుమ బొట్లు పెట్టుకుంటూ వచ్చాను. చెయ్యి ఆగలేదు. బల్ల మీదున్న ముసలాయన మిషన్‌కీ నుదుటి మీద పెట్టినట్టు ఇంత బొట్టు పెట్టేశాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి బల్ల ఖాళీ. డ్రైవరొచ్చి పట్టుకుపోయాడట.

ఐదు పూటలా నమాజు చేసే పెద్దాయన ఇంటికి బొట్టు పెట్టిన మిషన్ని పంపాను! "నీ వీసా, నా వీసా, రెండూ ఖలాస్" అని ముదీర్ తల పట్టుకున్నాడు. ఆ గురువారం ఆయన రాలేదు. పై గురువారమూ రాలేదు. వీసా పోతే పోయింది గానీ, ఆయన మనసు విరిగిందేమోనని నాకు ముద్ద దిగలేదు. స్టూలు మీద ఎవరైనా కూర్చోబోతే కసురుకునేవాణ్ణి.

ఆ తర్వాత వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. జ్వరమట. మిషన్ బల్ల మీద పెట్టించి, చెక్కుచెదరకుండా ఉన్న బొట్టు మీద వేలు పెట్టాడు.

"ఉస్తాద్, ఇదేంటి?"

"పాస్ మార్కు బాబా" అన్నాను గబుక్కున. "పని పూర్తయి, చెక్ చేశాక పెడతాం."

ఆయన లేత్ వంక చూశాడు. డ్రిల్లింగ్ మిషన్ వంక చూశాడు. తల పైకెత్తి గోడ వంక చూశాడు. "మీ షాపులో ఫ్యాన్ స్విచ్చి కూడా పాసైందన్నమాట" అన్నాడు. నేను తల దించుకున్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "బొంబాయిలో ఉన్నన్నాళ్లూ దసరా చూడనివాణ్ణనుకున్నావా?"

అప్పుడు పెడల్ తొక్కి, ఎడమ చేత్తో హ్యాండిల్ లాగాడు. రవ్వ పడింది. ఆవాలు పడ్డాయి. మూతి పువ్వులా మడుచుకుంది. నేను చెయ్యి వెయ్యలేదు. ఆయన ఆ తూటాని నా అరచేతిలో పెట్టాడు. ఆ దేశంలో నేనంత సంతోషపడిన రోజు ఇంకోటి లేదు.

పని అయిపోయింది కదా, ఇక రాడనుకున్నాను. వచ్చాడు. స్ప్రింగు వదులైందనో, పెడల్ కిర్రుమంటోందనో ఏదో ఒక వంకతో వచ్చేవాడు. "మీ మనవడు ఎలా కొడుతున్నాడు బాబా?" అంటే "ఒక్కటీ తప్పడం లేదు, నా తూటాలు మరి!" అనేవాడు. ఓసారి నేను రవ్వ ఎక్కడ కొంటానో అడిగి, డ్రైవర్ని ఆ కొట్టుకే పంపాడు. ఉప్మా రుచి మరిగాడనుకున్నాను.

తర్వాత్తర్వాత రాకపోకలు తగ్గాయి. ఒక వేసవి తర్వాత అసలు రాలేదు. ఫోన్ నంబరు ఎప్పుడూ అడగలేదు. అడగడానికి నేనెవరిని? స్టూలు అలాగే ఉంచాను. గురువారాలు మళ్లీ లేత్‌తో కబుర్లు మొదలయ్యాయి.

నేను ఇంటికి తిరిగొచ్చేసే ఏడు, అదే డ్రైవరు అదే మిషన్ని మోసుకొచ్చాడు. వెనకాల ఆయన పెద్దకొడుకు, చేతిలో అట్టపెట్టె.

"నాన్న పోయారు" అన్నాడు, వచ్చీరాని హిందీలో. "ఆయన గదిలో ఇవి దొరికాయి. భయపడిపోయాం. చెయ్యి పడిపోయిన ఏడే తుపాకీ, లైసెన్సు అన్నీ ఇచ్చేశాం. ఇంట్లో చిటికెడు మందు లేదు. వీటిలో ఏం నింపారు?"

"మీ అబ్బాయి కాలుస్తాడు కదా సార్?"

"మా అబ్బాయా? వాడెప్పుడూ తుపాకీ ముట్టుకోలేదు. చదువుకోడానికి లండన్ వెళ్లి చాలా కాలమైంది."

పెట్టె నిండా తూటాలు. బారులు తీర్చి పేర్చి ఉన్నాయి. ఒకటి తీస్తే తేలిగ్గా ఉంది. విప్పకముందే నాకు తెలిసిపోయింది. మూతి విప్పి బల్ల మీద వంచాను. ఆవాలు రాలాయి. వాటి వెనకే పురుగు పట్టిన రవ్వ రాలింది.

కొడుకు ఒక ఆవగింజని వేళ్లతో తీసి చూశాడు. తర్వాత ఇంకో తూటా తీసి దాని మూతి నాకు చూపించాడు. మడత మధ్యలో ఎర్ర మార్కరుతో పెట్టిన చుక్క. కాస్త వంకరగా, ఎడమ చేత్తో పెట్టింది. పెట్టెలో ప్రతి తూటాకీ ఉంది.

"ఇదేంటి?"

"పాస్ మార్కు సార్" అన్నాను. "పని పూర్తయి, చెక్ చేశాక పెడతాం."

ఏడుపు ముంచుకొచ్చింది. ఆ కొడుక్కి ఇంకేదో చెప్పబోయి, మిషన్ మీద చెయ్యి వేశాను. హిందీ ఒక్క ముక్క రాలేదు, తెలుగే వచ్చింది.

"ఏం బాబా, మీ ఇంట్లో ఒక్కడివే కూర్చుని ఇవి నింపుతున్నానని నాకు చెప్పకూడదా? నేనూ వచ్చి పక్కన కూర్చునేవాణ్ణి కదా."