గోలేటి దాకా, ఉప్పు మూట కోసం

పొద్దున ఏడు దాటాక గోదావరిఖనిలో నేనూ అత్తమ్మా రామగుండం స్టేషనుకు ఆటో ఎక్కాం. అక్కడినుంచి రేచిని రోడ్డు స్టేషను దాకా ప్యాసింజర్ రైలు, ఆపైన మళ్ళీ ఆటోలో గోలేటి. అక్కడ అత్తమ్మ వాళ్ళక్క రూతమ్మ ఉంటుంది. ఆడవాళ్ళ నొప్పులకు ఆమె చేతి కషాయం మంచిదని మా చుట్టాల్లో పేరు.

నాకు ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపల ఉండాల్సిన పొరలాంటిది బయట కూడా పెరిగి, నెలనెలా పొత్తికడుపును మెలిపెట్టి పిండే జబ్బు. స్కానింగులో గడ్డ కూడా కనిపించింది. డాక్టరమ్మ మాత్రలు రాసి, ఆపరేషన్ సంగతి మాట్లాడాలి, ఈసారి మీ ఆయనను తీసుకురమ్మంది. ఆ మాట మా ఆయన దావీదుకు ఇంకా చేరలేదు. మా గని కార్మికుల ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉంది: డ్యూటీకి పోయే మనిషికి ఇంట్లో నొప్పులు, జ్వరాలు చెప్పకూడదు. మనసు ఇంటిమీద పెట్టుకుని గనిలోకి దిగితే ప్రమాదమని భయం. వచ్చాకైనా చెప్పొచ్చు కదా అంటారేమో. వచ్చినవాడు తిని పడుకుంటాడు, లేస్తే మళ్ళీ డ్యూటీయే. మామయ్య ఉన్నన్నాళ్ళూ అత్తమ్మ అలాగే నెట్టుకొచ్చింది, నాకూ అదే నేర్పింది. కషాయంతో తగ్గిపోతే కొడుక్కి చెప్పే పనే ఉండదని ఆమె ఆశ. నిజం చెప్పాలంటే నాదీ అదే.

రైలు తొమ్మిదికి వచ్చింది. ఈ దారిన వెళ్ళేవారికి ఒక మాట: కిటికీ పక్కన చోటు దొరికితే వదలకండి, మంచిర్యాలకు ముందు గోదావరి బాగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆరోజు సగం నదే దక్కింది. వంతెన మీదుండగానే, అనుకున్న తేదీకి ముందే, నెలసరి నొప్పి మొదలైంది. అత్తమ్మ వెంటనే సంచిలోంచి మజ్జిగ సీసా తీసింది. మా బొగ్గు ఊళ్ళల్లో ఏ రోగానికైనా కారణం ఒక్కటే, వేడి చేసింది. కంటికి కురుపు లేచినా వేడే, కడుపు నొచ్చినా వేడే. అందుకే కాపురానికి వచ్చినప్పటినుంచీ నా నొప్పికి సబ్జా నీళ్ళు, మజ్జిగ, పొట్టమీద తడిగుడ్డ. పాపం, అన్నీ ప్రేమతోనే.

ఎదురుగా కూర్చున్న ఒకామె నన్ను చూసి లేచి, తన చోటు కూడా నాకే ఇచ్చింది.

"గట్ల ముడుసుకుంటే ఎట్ల బిడ్డా, కాళ్ళు సాపు" అంది. బెల్లంపల్లిలో దిగేదాకా కొంగుతో విసురుతూ నిలబడే వచ్చింది. పేరు అడగడం మరిచాను. ఆ తల్లి చల్లగా ఉండాలి.

గోలేటి క్వార్టరు చేరేసరికి పదకొండు. రూతమ్మ పెద్దత్తమ్మ నా ముఖం చూడగానే కుశలప్రశ్నలు పక్కన పెట్టేసింది. పెనంలో దొడ్డుప్పు వేయించి, పాత గుడ్డలో మూటకట్టి, ముందు తన చేతిమీద వేడి చూసుకుని, నా పొత్తికడుపు మీద పెట్టింది. పొయ్యిమీద వాము, అల్లం, బెల్లం మరిగించింది. మూట చల్లారినప్పుడల్లా మళ్ళీ వేడి చేసింది. కాసేపటికి బిగుసుకున్న నడుము వదులైంది. నొప్పి పూర్తిగా పోలేదు, కానీ ఊపిరి పీల్చుకోనిచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

అత్తమ్మ గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. "ఇన్నేండ్లు నేను సల్లటియే పెడితిని అక్కా" అంది చివరికి.

జొన్నరొట్టె తింటూ, ఇక మాత్రలు ఆపేయనా అని పెద్దత్తమ్మను అడిగాను.

"ఆపకు. నాది నొప్పి ఓర్చుకునేతందుకే, గడ్డను కరగవెట్టేది కాదు. నాకూ గిట్లనే ఉండె. మీ పెద్దమామకు చెప్పకుంట దాస్కొని దాస్కొని, ఆఖరికి గర్భసంచే తీసేసిండ్రు. దావీదును దవాఖానకు తోల్కపో" అంది.

అక్కకు ఆపరేషన్ అయిందని అత్తమ్మకు తెలుసుగానీ, దాని వెనక ఇంత నొప్పి ఉందని అప్పుడే తెలిసింది. ఆ సాయంత్రం మూట చల్లారినప్పుడల్లా అత్తమ్మే వేడి చేసి తెచ్చింది.

మర్నాడు పదిన్నర రైలుకు తిరిగి బయల్దేరాం. సంచిలో వాము పొట్లం, నువ్వుల ఉండలు, ఫ్లాస్కులో కషాయం, పైన ఉప్పు మూట. ఈసారి గోదావరిని ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డు దాకా చూశాను. నీళ్ళు తక్కువే ఉన్నా ఎంత బాగుందో!

రామగుండంలో దావీదు మమ్మల్ని ఆటో ఎక్కించడానికి వచ్చాడు. సెకండ్ షిఫ్టుకు పోతున్నాడు, బండికి టిఫిన్ డబ్బా తగిలించి ఉంది. అంతా మంచిదేనా అని అడిగాడు. అలవాటు కొద్దీ మంచిదే అనబోయాను. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మంచిగ లేదు కొడుకా. దీనికి కడుపుల గడ్డ ఉన్నది. డాక్టరమ్మ నిన్ను రమ్మన్నది. నేనే చెప్పనియ్యలే."

డ్యూటీకి పోయే కొడుకుతో ఆమె అలాంటి మాట చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడీ మనిషి గనిలోకి ఎలా దిగుతాడోనని భయమేసింది.  దావీదు ఫోను తీసి, ఇవాళ డ్యూటీకి రానని, తనకు నాగా వెయ్యమని తోటివాడికి చెప్పాడు. బండిని స్టేషన్ స్టాండులో పెట్టి వచ్చి, ఆటోలో నా పక్కన కూర్చున్నాడు.

"దవాఖానకు పోనియ్యన్నా" అన్నాడు ఆటో అతనితో.

సీటు ఇచ్చిన ఆ బెల్లంపల్లి అమ్మకు, మూట కట్టిన పెద్దత్తమ్మకు, అందరికంటే ఎక్కువగా పక్కన కూర్చున్న అత్తమ్మకు నేను రుణపడి ఉన్నాను. చల్లారిన ఉప్పు మూట ఆమె ఒళ్ళో ఉంది. దవాఖాన దగ్గర టీ కొట్టులో వేడి చేయించి తెస్తానంటోంది.